ఉప్పు మడులకు వారం సూచన

సముద్రపుటూరు,
ఆదివారం.

చెల్లెలికి అన్నయ్య దీవెనలు.

అందరం క్షేమమని రాస్తే సగం మాటే నిజమవుతుంది. ఒంట్లో బాగానే ఉంది. పరువే నిన్న ఉప్పు మడుల సంఘం గదిలో కాస్త నలిగింది. నీదీ, నీతోపాటు నాదీ.

అంతకు ముందటి శనివారం నువ్వు ఫోనులో చెప్పిన వారం వాతావరణ సూచనను ఎప్పటిలాగే తిరిగి చదివి నీకు వినిపించి, జనం రాకముందే నల్లబల్ల మీద రాసి పెట్టాను. తేలికపాటి జల్లులన్నావు, ఆ వెనకే భారీ వర్షానికి కూడా అవకాశం ఉందన్నావు. మడులున్న వాళ్ళందరూ బల్ల ముందు నిలబడి చదువుకున్నారు. చదువు రానివాళ్ళు చదివించుకున్నారు. అందరూ పరుగున వెళ్ళి, ఇంకా గింజ ముదరని ఉప్పును కర్రపలకలతో గట్టుకు లాగేశారు. ఆ తరువాత వారమంతా ఆకాశం ఉతికి ఆరేసిన దుప్పటిలా ఉంది.

మన తమ్ముడు చిన్నోడి సంగతి నీకు తెలియనిది కాదు. ఇన్నేళ్ళు పరుల మడుల్లో కూలికి దిగినవాడు, ఈ వేసవికే కాలువ పక్కన సొంతంగా మడులు కౌలుకు పట్టాడు. ఈ ఒక్క పంట నిలబడితే వాడు మళ్ళీ ఇంకొకరి గట్టు మీద నిలబడి పని అడగనక్కరలేదు. నిలబడకపోతే మడులు చెయ్యి జారిపోతాయి. అటువంటివాడు నీ మాట విని పచ్చి ఉప్పు లాగాడు. సంఘంలో ఉప్పు తూచే కాటా పిన్ని నీకు గుర్తుందిగా; ఆవిడ తూకానికి లెక్క ఉంది గాని నోటికి లేదు. వాడి ఉప్పును గుప్పిట్లోకి తీసుకొని చూసి, “ఏరా చిన్నోడా, ఇది ఉప్పా, సున్నప్పొడా?” అంది. అంతటితో ఊరుకోలేదు. నావైపు తిరిగి, “మాస్టారూ, మీ చెల్లెలు కిటికీ తెరిచి చూసి చెబుతుందా, మూసుకుని చెబుతుందా?” అని అడిగింది. గదంతా నవ్వింది. చిన్నోడు కూడా నవ్వాడు. మిగతావాళ్ళ నవ్వు నాకు తగలలేదు.

నా ఉద్యోగం పొడుగునా పిల్లలకు వ్యాసం రాయడం నేర్పినవాణ్ణి. పేరా అన్నది ఒక అభిప్రాయం మీద నిలబడాలి. మీ కార్యాలయం సూచనలు మాత్రం ఒక కాలు గట్టు మీద, ఒక కాలు నీళ్ళలో పెట్టి నిలబడతాయి. వర్షం వస్తుందనుకుంటే వస్తుందని చెప్పు. రాదనుకుంటే రాదని చెప్పు. ఒక ఊరు ఊరంతా నీ మాట మీద పనిలోకి దిగుతోంది. ఆ మాటకు గౌరవం నిలవాలన్నదే నా తాపత్రయం.

ఈ సంగతులు ఫోనులో మాట్లాడలేను. సంఘం గదిలో ఫోనుకు నా చెవి ఒక్కటే ఉండదు.

నీ అన్నయ్య.


పట్నం,
వాతావరణ కేంద్రం, మూడో అంతస్తు.

అన్నయ్యకు నమస్కారాలు.

మీ ఉత్తరం పటాల బల్ల మీదే చదివాను. కాటా పిన్నికి చెప్పండి: నా కిటికీ తెరిస్తే కనిపించేది పక్క భవనం నీళ్ళ ట్యాంకు. అది పొంగిపొర్లని రోజు లేదు. దాన్ని చూసి చెప్పేదాన్నయితే మీ ఊరికి ఏడాది పొడుగునా వర్షమే.

చిన్నోడి ఉప్పు సంగతి విని బాధపడ్డాను. కాని ఆ వారం నా సూచన తప్పని మాత్రం ఒప్పుకోలేను. వేసవి మొదట్లో మబ్బు తీరానికి నలభై మైళ్ళ దూరంలో ఆగిపోవచ్చు. మరుసటి వారం అదే మబ్బు ఆగకపోవచ్చు. ఎక్కువగా ఏది జరగబోతుందో మొదటి వాక్యంలో చెబుతాము. తక్కువగా జరిగేదే అయినా, జరిగితే మనిషిని ముంచేది ఏదైనా ఉంటే రెండో వాక్యంలో చెబుతాము. ఒకటి ఉంచి ఇంకొకటి తీసేస్తే అది సూచన కాదు, జోస్యం. మీకు ఆ రెండు వాక్యాలు ఒకదానితో ఒకటి పోట్లాడుతున్నట్టు కనిపిస్తాయి. నాకు అవి ఒకే ఇంట్లో ఉండే ఇద్దరు మనుషుల్లా కనిపిస్తాయి. మనిద్దరిలా అనుకోండి.

ఇంకో సంగతి. ఈ ఫోను ఏర్పాటు మా నియమాల్లో లేదు. అచ్చయిన కాగితం బస్సులో మీ ఊరు చేరేసరికి వారం సగం గడిచిపోతోందని నేనే డైరెక్టరు గారిని బతిమాలి ఒప్పించాను. ఆయన ఒప్పుకుంటూ ఒక్కటే అన్నారు: “చెప్పు. కాని ఆ ఫోనులో చెప్పే ప్రతి మాటకూ పూచీ నీదే.” అందుకే మీరు తిరిగి చదివి వినిపించేదాకా నేను ఫోను పెట్టను. ఉప్పు మడులకు రాసేది మా అన్నయ్య అని ఇక్కడ అందరికీ గొప్పగా చెబుతుంటాను.

వానాకాలం నుంచి తీరప్రాంతపు సూచనలన్నీ తయారుచేసే బల్ల నా చేతికే వస్తుందని ఆయన సూచాయగా అన్నారు. ఇంకా ఎవరికీ చెప్పకండి. చిన్నోడికి చెప్పండి, పరవాలేదు. వాడు ఊరంతా చెబుతాడని నాకు తెలుసు.

మీ చెల్లెలు.


సముద్రపుటూరు,
గురువారం.

చెల్లెలికి,

పత్రికలో చూసే ఉంటావు. పత్రికలో రానిది రాస్తున్నాను.

మంగళవారానికి మడుల్లో ఉప్పు ఎన్నడూ లేనంత బాగా కట్టింది. గోరంత లావు గింజ, ఎండ పడితే కళ్ళు మూసుకోవలసి వచ్చేది. ఇంకో రెండెండలు కాస్తే లాగుదామని అందరూ ఆగారు. మధ్యాహ్నం భోజనాల వేళకు దక్షిణాన సముద్రం మీద మబ్బు లేచింది. లేచిన మబ్బు నిలబడకుండా ఉరుముతూ మా మీదికి వచ్చేసింది. ముందు ఈదురుగాలి పాకల మీది రేకులను ఎత్తుకుపోయింది. ఆ తరువాత వాన. దాన్ని వాన అనడానికి నాకు మనస్కరించడం లేదు.

ఆడా మగా కర్రపలకలు పట్టుకొని మడుల్లోకి దూకారు. కప్పడానికి కుప్ప ఉంటే గదా, ఉప్పంతా మడుల్లో పరుచుకొని ఉంది. చూస్తుండగానే తెల్లదనం బూడిదరంగైంది, బూడిదరంగు బురదయింది. చిన్నోడు మాత్రం లాగుతూనే ఉన్నాడు. వాడి పలక వెంట నీళ్ళు తప్ప ఏమీ రావడం లేదు. గట్టు మీద నుంచి నేను గొడుగు కూడా లేకుండా అరిచాను: “పైకి రారా, ఇక ఏమీ లేదు.” వాడు తల ఎత్తకుండానే, “అడుగున ఇంకొంచెం ఉంది పెద్దన్నయ్యా, ఇంకొంచెం ఉంది” అన్నాడు. మరదలు దిగి చెయ్యి పట్టుకొని లాగితే గాని రాలేదు.

నిన్న బస్సులో మీ అచ్చు కాగితం వచ్చింది. అందులో రెండో వాక్యం ఉంది. ‘వారం మధ్యలో అల్పపీడన ద్రోణి తీరానికి దగ్గరైతే ఉరుములు, ఈదురుగాలులతో కుండపోత వర్షం కురిసే అవకాశాన్ని కొట్టిపారేయలేము’ అని. మా బల్ల మీద ‘అక్కడక్కడా తేలికపాటి జల్లులు’ అని మాత్రమే ఉంది. సంఘం పెద్ద ఆ కాగితాన్ని నా చేతిలోంచి తీసుకొని అందరికీ చూపించాడు. “కాగితంలో ఉన్న మాట ఫోనులో ఎందుకు రాలేదు?” అని అందరూ అడిగారు. మొన్న శనివారం లైనులో గాలిహోరు ఎక్కువగా ఉండటం నీకూ గుర్తుండే ఉంటుంది. నువ్వు చెప్పే ఉండవచ్చు, నాకు చేరలేదు. చెప్పకపోయి ఉండనూ వచ్చు. ఎంత పనిలో ఉంటావో నాకు తెలియనిదా.

చిన్నోడు నీ పేరు ఎత్తడం లేదు. ఎత్తవద్దని నేనూ అన్నాను.

అన్నయ్య.


పట్నం,
సోమవారం.

అన్నయ్యకు,

లైనులో హోరు లేదు. మీరు రెండు వాక్యాలూ తిరిగి చదివారు. రెండోది చదువుతూ ‘కొట్టిపారేయలేము’ దగ్గర ఆగి, “మళ్ళీ ఇదా” అన్నారు. నేను నవ్వాను. నవ్వి, “రాయండి అన్నయ్యా” అన్నాను. మీరు “సరే” అన్నారు. ఆ “సరే” విన్న తరువాతే ఫోను పెట్టాను.

మంగళవారం మధ్యాహ్నం నేను ఆ మబ్బును ఇక్కడి నుంచి చూస్తూనే ఉన్నాను. రాడారు తెర మీద అది తీరాన్ని తాకుతుంటే నా పక్కనున్న వాళ్ళు కంగారు పడ్డారు. నేను పడలేదు. ‘మావాళ్ళకు ముందే తెలుసు, ఈపాటికి లాగేసి కప్పేసుకుని ఉంటారు’ అన్నాను. టీ తెప్పించుకొని తాగాను కూడా. చిన్నోడు మడిలో నీళ్ళు లాగుతున్న గంటలో నేను ఇక్కడ టీ తాగుతూ కూర్చున్నానని మీ ఉత్తరం చదివాక తెలిసింది.

ఈ ఉదయం డైరెక్టరు గారు పిలిచి ఒక అర్జీ నా ముందు పెట్టారు. ఉప్పు మడుల సంఘం పంపినది. కింద సంఘం పెద్ద సంతకం ఉంది. పైన ఉన్న ప్రతి అక్షరమూ మీది. ఆ అక్షరాల మీద వేలు పెట్టి దిద్ది చదువు నేర్చుకున్నదాన్ని. నాకు సంతకం చూడనవసరం లేకపోయింది. ‘సూచన చేరవేయవలసిన ఉద్యోగిని చూపిన క్షమింపరాని నిర్లక్ష్యము’ అని రాశారు. చాలా బాగా రాశారు. డైరెక్టరు గారు కూడా, “ఎవరో చదువుకున్న వాళ్ళు రాసినట్టున్నారే” అన్నారు. ఆ చదువుకున్నవారు మా అన్నయ్యేనని ఆయనకు చెప్పలేదు.

ఫోనులో రెండో వాక్యం చెప్పానో లేదో ఈ వారం లోపల సంజాయిషీ రాసి ఇమ్మన్నారు. చెప్పానని రాస్తే సంఘానికి జాబు వెళుతుంది. చెప్పలేదని రాస్తే తీరప్రాంతపు బల్ల మాట దేవుడెరుగు, ఉన్న బల్ల కూడా ఉండదు.

మీరు నాకు ఒక్క సంగతి రాయండి. మీరు చదివి వినిపించిన ఆ రెండో వాక్యం బల్ల మీదికి ఎందుకు ఎక్కలేదు?

చెల్లెలు.


సముద్రపుటూరు,
బుధవారం.

చెల్లెలికి,

నీ ఉత్తరంలోని ధోరణి నాకు నచ్చలేదు. అయినా అడిగావు గనుక చెబుతున్నాను.

నువ్వు ఫోను పెట్టాక మొదటి వాక్యం రాశాను. రెండోది రాయడానికి సుద్దముక్క ఎత్తాను. ఆ రోజు జనం తొందరగా వచ్చేశారు. వెనకనుంచి సంఘం పెద్ద, “ఈసారైనా ఒక్క మాటేనా మాస్టారూ, ఇంకా తోక ఉందా?” అన్నాడు. కాటా పిన్ని, “ఉంటుందిలే. పడుతుందంటారు, పడదంటారు. ఏది జరిగినా గెలుపు వాళ్ళదే” అంది. ఎవరో ఒకడు, నా దగ్గర చదువుకున్నవాడే, “ఇట్లా మేం పరీక్షలో రాస్తే సున్నా వేసేవారు కదండీ” అన్నాడు. అందరూ నా వీపు వైపు చూస్తూ నవ్వుతున్నారు. నన్ను చూసి కాదు, నిన్ను చూసి.

చిన్నోడు అందరికంటే ముందు నిలబడి ఉన్నాడు. వాడు నవ్వలేదు. “పెద్దన్నయ్యా, ఒక్కటేనా?” అని అడిగాడు.

“ఒక్కటే” అన్నాను.

“బతికించావు. ఇంకో వారం ఉంచేస్తాను, గింజ ముదరనీ” అన్నాడు.

జరిగింది ఇంతే. నీ పరువు ఆ గదిలో నిలబెట్టాలని చేశాను. వాన రాకపోతే నీ మాట రాతి మీద చెక్కినట్టు నిలిచేది. వస్తుందని నువ్వు మాత్రం ఖాయంగా అన్నావా? కొట్టిపారేయలేము అన్నావు. నువ్వు కొట్టిపారేయలేనిదాన్ని నేను పక్కన పెట్టాను.

అర్జీ మాటకు వస్తే, అందరూ వచ్చి నా ముందు కూర్చున్నారు. “మీకంటే చక్కగా రాసేవాళ్ళు ఈ ఊళ్ళో ఎవరున్నారు?” అన్నారు. రాయనంటే ఎందుకు రాయవని అడుగుతారు. చెల్లెలు కాబట్టి వెనకేసుకొస్తున్నాడంటారు. నేను రాయకపోతే ఇంకొకడు ఇంతకంటే మోటుగా రాసేవాడు. నీ పేరు ఎక్కడా రాయలేదు, గమనించే ఉంటావు.

ఇప్పుడు నేను చెప్పేది నిదానంగా ఆలోచించు. నువ్వు చెప్పానని రాస్తే మీ డైరెక్టరు గారు సంఘానికి జాబు రాస్తారు. ఈ ఊరికి వచ్చే ప్రతి జాబునూ నేనే చదివి వినిపిస్తాను. దాన్ని కూడా నా చేతికే ఇస్తారు. నేను చదువు చెప్పని ఇల్లు ఇక్కడ లేదు. ఉప్పు పోని ఇల్లు కూడా లేదు. ఈ వయసులో ఈ ఊళ్ళో కాక నన్ను ఇంకెక్కడికి వెళ్ళమంటావు? నువ్వు పట్నంలో ఉన్నావు. కార్యాలయాల్లో ఇటువంటివి ఒక చీవాటుతో పోతాయి.

నిన్ను ఏమీ అడగడం లేదు. ఆలోచించమంటున్నాను.

అన్నయ్య.


పట్నం,
పాత రికార్డుల గది, కింది అంతస్తు.

అన్నయ్యా,

మీరు అడగకుండా అడిగింది చేశాను.

‘ఫోనులో సూచన చెప్పునప్పుడు రెండవ వాక్యము చెప్పుట మరచితిని’ అని మీరు మెచ్చే భాషలో రాసి ఇచ్చాను. డైరెక్టరు గారు చదివి కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టారు. “మరిచిపోయింది నువ్వా?” అన్నారు. అవునన్నాను. “ఇంటికి వెళ్ళి పడుకుని, రేపు పొద్దున మళ్ళీ రాసుకురా. ఇది చూడలేదనుకుంటాను” అన్నారు. ఆయన తండ్రిలాంటివాడు. అక్కరలేదని అక్కడే నిలబడి సంతకం పెట్టాను. ఆ తరువాత ఆయన నా ముఖం చూడలేదు.

చీవాటుతో పోలేదు. తీరప్రాంతపు బల్ల నా దగ్గర పని నేర్చుకున్న కుర్రవాడికి ఇచ్చారు. నన్ను కింది అంతస్తులో పాత రికార్డులకు వేశారు. ఎప్పుడో కురిసిపోయిన వానల కాగితాలు. చిరిగినవాటిని అతికించి, అతికించినవాటిని సంవత్సరాల వారీగా కట్టలు కడుతున్నాను. ఈ గదికి కిటికీ లేదు. ఈ పనికి దాని అవసరం కూడా లేదు. బయట వాన పడుతోందో లేదో సాయంత్రం గుమ్మంలోకి వచ్చాక తెలుసుకుంటున్నాను, అందరిలాగే.

మీ మీద ప్రేమతో చేశానని అనుకోకండి. కడుపు మండినవాళ్ళు మిమ్మల్ని ఏం చేస్తారోనని భయపడి చేశాను. ఆ రెండింటికీ తేడా ఉంది.

ఊరంతటికీ చెప్పమని మిమ్మల్ని అడగను. ఒక్క చిన్నోడికి చెప్పండి. వాడు మడులు వదిలేశాడని మరదలు కార్డు రాయించింది. నిన్న సంఘం గదికి ఫోను చేశాను. ఎవరో ఎత్తి, “ఒరే చిన్నోడా, పట్నం నుంచి మీ అక్క” అన్నారు. “లేనని చెప్పు” అని వాడి గొంతు స్పష్టంగా వినిపించింది. లైనులో హోరేమీ లేదు.

వాణ్ణి చంకనేసుకుని పెంచినదాన్ని. వాడి దగ్గర నేను దోషిగా ఉండలేను. వాడికి చెప్పి, చెప్పానని నాకు రెండు ముక్కలు రాయండి. ఇంకేమీ వద్దు.

చెల్లెలు.


సముద్రపుటూరు,
వానాకాలం, శనివారం.

చెల్లెలికి దీవెనలు.

జవాబు ఆలస్యమైంది. చలిజ్వరం తగిలి కొన్నాళ్ళు లేవలేదు. ఇప్పుడు నయం.

ఇక్కడ సూచనలు సక్రమంగా వస్తున్నాయి. మీ కుర్రవాడు ఉచ్చారణలో తడబడతాడు గాని శ్రద్ధగలవాడు. అతను చెప్పినది చెప్పినట్టు, మొదటి మాట నుంచి చివరి మాట దాకా రాస్తున్నాను, బల్ల నిండిపోతోంది. మొన్న సంఘం పెద్ద చదువుకొని, “ఈ కొత్తాయన నయం మాస్టారూ, దాచకుండా అన్నీ చెబుతున్నాడు” అన్నాడు. కాటా పిన్ని కూడా ఇప్పుడు వెక్కిరించడం లేదు. బల్ల ముందు నవ్వులు పోయాయి.

చిన్నోడు రేవులో మూటలు ఎత్తుతున్నాడు. మెడ వెనక కాయ కాసింది. పని అయ్యాక నా గదికి వచ్చి కూర్చుంటాడు. వాడి కూతురికి నేనే అక్షరాలు దిద్దిస్తున్నాను; చురుకైన పిల్ల, వంకర లేకుండా రాస్తుంది. వాడు పెద్దగా మాట్లాడడు. పిల్ల రాసేది చూస్తూ గోడకు చేరబడి నిద్రపోతాడు. అట్లా నిద్రపోయేవాణ్ణి లేపి ఏమని మొదలుపెట్టను?

నువ్వు చెప్పమన్న సంగతి మరిచిపోలేదు. తగిన సమయం కోసం చూస్తున్నాను. ముందు వాడి మనసు మెత్తబడాలి. ఆ ప్రయత్నం మొదలుపెట్టాను. నీ గురించి వాడితో మంచిగానే మాట్లాడాను, చాలాసేపు మాట్లాడాను. వాడిలో మార్పు కనిపిస్తోంది. త్వరలో వాణ్ణే నీ దగ్గరికి పంపిస్తాను. ఆ తరువాత మిగిలినవి వాటంతట అవే సర్దుకుంటాయి.

ఆరోగ్యం జాగ్రత్త. కిటికీ లేని గదిలో దుమ్ము నీ ఒంటికి పడదు. ముక్కుకు గుడ్డ కట్టుకో.

నీ అన్నయ్య.


పట్నం,
ఆదివారం సాయంత్రం.

మాస్టారికి,

మీరు పంపిన మనిషి వచ్చి వెళ్ళాడు.

మధ్యాహ్నం తలుపు తీస్తే గుమ్మంలో తడుస్తూ నిలబడి ఉన్నాడు. లోపలికి రమ్మంటే కాళ్ళకు బురద ఉందన్నాడు. చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చాను. తువ్వాలు ఇస్తే తల తుడుచుకుంటూ, ముఖం దానిలోనే దాచుకొని చెప్పాడు: “నీ మీద కోపం లేదక్కా. ఆ మాట చెబుదామనే వచ్చాను.”

నా గుండె తేలికపడింది. మీరు చెప్పేశారనుకున్నాను. ఆ ఒక్క నిమిషం మిమ్మల్ని గురించి అనుకోకూడని మంచి మాటలన్నీ అనుకున్నాను.

“పెద్దన్నయ్య అంతా చెప్పాడు” అన్నాడు.

“ఏం చెప్పాడురా?”

“ఎవరికైనా మరుపు వస్తుంది, మీ అక్క కావాలని చేసింది కాదు, పెద్దమనసు చేసుకుని క్షమించు అన్నాడు. రోజూ అదే చెప్పేవాడు. మొదట్లో నేను విననే లేదు. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడక్కా. ‘ఆ రెండో మాట గాని మీ అక్క నా చెవిన వేసి ఉంటే, బల్ల నిండా పెద్ద పెద్ద అక్షరాలతో రాసేవాణ్ణిరా’ అన్నాడు.”

నేను అక్కడే ఉన్న కుర్చీలో కూర్చున్నాను. నిజం నోటిదాకా వచ్చింది. పెదవి విప్పితే చాలు. వాడు నా కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని, చిన్నప్పుడు చెప్పినట్టే, ఒకదాని తరువాత ఒకటి చెప్పుకుపోయాడు. రేవులో మేస్త్రీ మంచివాడు కాదు. మెడ నొప్పికి రాత్రిళ్ళు పక్క మీద ఒరగలేడు. మరదలు మాట్లాడటం తగ్గించింది. “ఊళ్ళో నాకు మిగిలింది పెద్దన్నయ్య ఒక్కడేనక్కా. ఆ గదిలో కూర్చుంటే మనిషిననిపిస్తుంది. పిల్ల ఆయనలాగే రాస్తోంది” అన్నాడు. ఆ తరువాత తల ఎత్తి నా కళ్ళలోకి చూసి అడిగాడు: “నిజంగా మరిచిపోయావా అక్కా? ఇంకేమీ లేదు కదా?”

మీ దగ్గర నేర్చుకున్నదాన్నే. సూటిగా జవాబు చెప్పాను.

“మరిచిపోయానురా” అన్నాను.

“సరేలే” అన్నాడు. నా చెయ్యి మీద చెయ్యి వేశాడు. అది చెయ్యిలా లేదు, బరకరాయిలా ఉంది. భోజనం పెడితే కడుపునిండా తిన్నాడు. వెళ్ళేటప్పుడు మెట్లు దిగి, మళ్ళీ సగం ఎక్కి వచ్చి, “ఇక నుంచి ఫోను చెయ్యి అక్కా, ఎత్తుతాను” అన్నాడు.

వాడికి నిజం చెప్పమని ఇంతకుముందు మిమ్మల్ని అడిగాను. ఇప్పుడు చెప్పవద్దంటున్నాను. ఎప్పుడైనా మీకు చెప్పాలనిపించినా చెప్పకండి. చెప్పిన రోజున వాడికి కూర్చోవడానికి ఆ గది ఉండదు. కళ్ళలోకి చూసి అబద్ధమాడిన నేనూ ఉండను. వాడికి మిగిలిన ఇద్దరమూ ఒక్కసారే పోతాము. వాన ఉప్పును మాత్రమే తీసుకుపోయింది.

తప్పు ఒప్పుకోవడానికి మీకు ఇన్నాళ్ళూ తెరిచి ఉన్న దారి అది ఒక్కటే. ఈ మధ్యాహ్నం దాన్ని నా చేత్తో నేనే మూసేశాను. మీరు ఆ దారిన ఒక్క అడుగైనా వెయ్యలేదు గనుక, మూతపడిన సంగతి మీకు పెద్దగా తెలియకపోవచ్చు.

ఇట్లు,
వాడి అక్క.